కరువు సీమలో దీవుల బొమ్మలు

ఆషాఢంలో అనంతపురం సీమకు వెళ్తే మనుషుల కంటే ముందు గాలి పలకరిస్తుంది. గుత్తి దాటి పామిడి సమీపించేసరికి బస్సు అద్దాలన్నీ మూసుకున్నాం. అయినా ఎర్రదుమ్ము పళ్ల మధ్య గరగరలాడుతూనే ఉంది. రోడ్డుకు రెండు పక్కలా దుక్కి దున్ని విత్తనానికి సిద్ధం చేసిన చేలు, వాటి వెనక గుండు మీద గుండుగా నిలిచిన రాతిగుట్టలు. పైన మబ్బుల గుంపులు ఆగకుండా తూర్పుకు పోతున్నాయి. పక్క సీటు పెద్దాయన వాటి వంక చూసి, "మోడాలు పోతాండాయి గానీ చినుకు రాల్తాండ్లేదు నాయనా. ఆరుద్ర కూడా అయిపోవచ్చె. ఇత్తనకాయలు ఇంట్లోనే ఉండాయి" అన్నాడు. అని, జేబులోంచి గుప్పెడు వేయించిన చెనిక్కాయలు తీసి నా చేతిలో పోశాడు. ఈ సీమ మర్యాద ఇది. ముందు చేతిలో ఏదో ఒకటి పెడతారు, ఊరూ పేరూ తర్వాత అడుగుతారు.

నైరుతి రుతుపవనం తన బరువంతా పడమటి కనుమల్లోనే దించుకుని ఇక్కడికి ఒట్టి గాలిగా వస్తుంది. ఈశాన్య రుతుపవనం కోస్తాను తడిపి, ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతుంది. జిల్లా సగటు వాన ఏడాదికి 552 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన ఇక్కడేనని బడిపిల్లలు కూడా వల్లిస్తారు. రెండు రుతుపవనాలకూ అందని ఈ పీఠభూమి పటంలో నాకెప్పుడూ ఒక దీవిలాగే కనిపిస్తుంది. కాకపోతే దీని చుట్టూ ఉన్నది సముద్రం కాదు, ఇతరుల వానలు.

దీవి మాట ఎందుకు వచ్చిందో చెప్పాలి. మధ్యధరా సముద్రపు దీవుల పాత పద్ధతి బతుకును చూపే బొమ్మ కార్డులు, స్టాంపులు పోగుచేయడం నాకున్న పిచ్చి. ముక్కు మీద కళ్లు చిత్రించుకున్న మాల్టా చేపల పడవలు, గ్రీకు దీవుల తెల్లటి గాలిమరలు, సైప్రస్‌లోని లెఫ్కారా ఊళ్లో గుమ్మం ముందు కూర్చుని లేసు అల్లే ముసలమ్మలు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య కొన్ని దొరికాయి, కార్డుల మార్పిడి స్నేహితులు మరికొన్ని పంపారు. నా దగ్గరున్న వాటిలో నాకు ఇష్టమైనది ఆరు పెసెటాల స్పెయిన్ స్టాంపు. 1967లో ఆ దేశం తన ప్రాంతాల వేషధారణలతో ఒక స్టాంపుల వరుస మొదలుపెట్టింది. 1971 దాకా సాగి మొత్తం 53 అయింది. మొదటి ఏడాది పన్నెండింటిలో బలియారిక్ దీవుల స్టాంపు ఒకటి. మయోర్కా, మెనోర్కా, ఇబీసా ఆ దీవులే.

ఆ దీవుల కార్డులు అనంతపురం పల్లెల్లో రేకుపెట్టెల అడుగున ఉన్నాయని నాకు చెప్పింది ఈ జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రాడు. "చిన్నప్పుడు మాకు స్పెయిన్ నుంచి కార్డులు వచ్చేవి సార్, మా స్పాన్సర్ పంపేది" అన్నాడు మామూలుగా. ఆ మాటకు వెనకున్నది విసెంతె ఫెర్రర్ కథ. 1920లో బార్సిలోనాలో పుట్టినవాడు. 1952లో జెసూట్‌గా మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల చేత బావులు తవ్వించి, 1968లో దేశం వదిలి పొమ్మనిపించుకుని, మరుసటి ఏడాదే తిరిగొచ్చి అనంతపురంలో కాలుపెట్టాడు. జెసూట్ సంఘాన్ని వదిలి, ఆంగ్లేయ పాత్రికేయురాలు ఆన్‌ను పెళ్లాడి, ఆమెతో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టాడు. ఇక్కడ దాన్ని అందరూ ఆర్డీటీ అంటారు, ఆయన్ని ఫాదర్ అంటారు. స్పెయిన్‌లో లక్షకు పైగా కుటుంబాలు ఇక్కడి పిల్లల పేరు మీద నెలనెలా కొంత డబ్బు పంపడం, పిల్లలు ఉత్తరం రాసి బొమ్మ వేసి పంపడం, అటునుంచి జవాబులు రావడం దశాబ్దాలుగా సాగింది. స్పెయిన్ అంటే దీవులు కూడా.

అనంతపురంలో పొద్దున ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులకు పచ్చిమిర్చి, పుట్నాలపొడి తాలింపు, పక్కన మిరపకాయ బజ్జీ. పొడిగా ఉండే నేల పొడిగా ఉండే తిండినే ఇష్టపడుతుందేమో అనిపించింది. ఊళ్లో ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో ఒక టెన్నిస్ బడి ఉంది. 2010లో రాఫెల్ నాదల్ దాన్ని ప్రారంభించడానికి స్వయంగా వచ్చాడు. నాదల్ మయోర్కాలోని మనాకోర్ ఊరివాడు. నేను వెళ్లిన పొద్దున అక్కడ ఎర్రదుమ్ములో చెప్పుల్లేకుండా వచ్చి, లోపల బూట్లు వేసుకుని బంతి కొడుతున్న పిల్లల్లో ఒకడిని మయోర్కా ఎక్కడుందో తెలుసా అని అడిగాను. "సముద్రంలో" అన్నాడు. అంతకంటే సరైన జవాబు నాకూ తెలియదు.

బత్తలపల్లి దాటాక కదిరి రోడ్డు నుంచి లోపలికి తిరిగితే, కార్డుల సంగతి చెప్పిన కుర్రాడి మేనమామ ఊరు. బత్తలపల్లిలోనే ఆర్డీటీ పెద్దాసుపత్రి ఉంది. 2009 జూన్‌లో ఫాదర్ పోయాక ఆయన్ని పాతిపెట్టింది కూడా ఆ ఊళ్లోనే. మేనమామ ఇల్లు ట్రస్టు కట్టించినది, పట్టా ఇల్లాలి పేరు మీద. అలాంటి ఇళ్లన్నీ ఆడవాళ్ల పేరు మీదే ఇస్తారు. ఆమెది కాబట్టి ముందు ఆమె పిలిచింది, "రాన్నా, కాళ్లు కడుక్కో" అని. జొన్నరొట్టె, ఊరిబిండి, అలసందల పులగూర పెట్టింది. ఊరిబిండి రోట్లో నూరినది, వేరుశనగ పలుకు పంటికి తగిలేటట్టు. రెండో రొట్టె వద్దన్నాను. ఆమె విననట్టే వడ్డించింది.

తర్వాత కార్డులున్న రేకుపెట్టె దించారు. నేను కార్డులను ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి, దీవుల వారీగా సర్దుకునేవాణ్ని. ఇక్కడ అవి రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, చంటిబిడ్డ టీకాల చీటీ మధ్య ఉన్నాయి. ఒక్కొక్క కార్డుకూ అనంతపురం ఆఫీసులో చేసిన తెలుగు అనువాదం కాగితం పిన్నుతో గుచ్చి ఉంది. చాలావాటికి స్టాంపు లేదు, కవర్లో పెట్టి పంపినవి. ఉన్న కవర్ల మూలలు ఎవరో బళ్లో ఆల్బం కోసం చింపుకుపోయారు. ధర లెక్కన ఆలోచించే సేకరణకర్త అయితే వీటికి పైసా ఇవ్వడు. అనువాదాల మీద వేళ్ల మరకలు ఉన్నాయి, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. ఎన్నిసార్లు చదివారో.

పంపినావిడ మయోర్కాలో ఒక పల్లెటూరి మనిషి. పంపిన బొమ్మలన్నీ తన దీవులవే. బాదం పూత, గాలిమర, వల బాగుచేసుకుంటున్న జాలరి, గాడిద మీద ఆలివ్ గంపలు, మెనోర్కాలోని సియుతదేయా ఊళ్లో సెయింట్ జాన్ పండుగనాడు జనం మధ్య వెనక్కాళ్ల మీద లేచిన నల్లగుర్రం. ఆ గుర్రం కార్డు చూసి ఇల్లాలు, "గూగూడు పీర్ల జనం మాదిరే ఉండారు సూడన్నా" అంది. నార్పల దగ్గరి గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లకు హిందువులూ ముస్లిములూ కలిసి అగ్నిగుండం తొక్కుతారు. సియుతదేయా రద్దీలో ఆమెకు కనిపించింది గుర్రం కాదు, తనకు తెలిసిన జనం.

ఇంటాయనకు గుర్రం పట్టలేదు, సముద్రమూ పట్టలేదు. కొండవాలున మెట్లు మెట్లుగా రాతిగోడలు, ఒక్కో మెట్టు మీద ముసలి ఆలివ్ చెట్లు ఉన్న కార్డును వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు. నా దగ్గరా ఆ బొమ్మ ఉంది. వెనక నీలం రంగు బాగుందని దాచుకున్నాను. ఆయన వేలు గోడ మీద పెట్టి, "దీనికి మట్టి గాని సున్నం గాని పెట్టినట్టు లేదే సార్. మరి నీళ్లొస్తే యాడికి పోతాయి?" అన్నాడు.

సరిగ్గా అదే ఆ గోడ కిటుకు. ఒట్టి రాయి మీద ఒట్టి రాయి పేర్చిన గోడ కాబట్టి వాననీరు సందుల్లోంచి వడకట్టినట్టు పోతుంది, మన్ను మాత్రం నిలుస్తుంది. సున్నంతో కట్టి ఉంటే వెనక నీరు నిండి ఏదో ఒక రోజు కూలిపోయేది. మయోర్కా ఉత్తరపు కొండలు, సెర్రా ద ట్రమున్తానా, ఈ గోడల వల్లే 2011లో యునెస్కో జాబితాకెక్కాయి. ఈ విద్య 2018లో స్పెయిన్, గ్రీస్, సైప్రస్, ఇటలీ సహా ఎనిమిది దేశాల పేరున మరో యునెస్కో జాబితాలో చేరింది. నేను ఇదంతా చెబుతుంటే ఆయన తల ఊపి, తమ చేని దగ్గర వాటర్‌షెడ్ పనిలో కట్టిన రాతికట్ట చూపిస్తానని లేచాడు. వెళ్లి చూశాం. నడుము ఎత్తు కట్ట, వెనక మోకాలి లోతు మన్ను చేరింది. ఆ మన్నులో రెండు సీతాఫలం చెట్లు వాటంతట అవే లేచాయి. దాని పక్కన ఆయన కంది వేస్తాడట. గట్టు కింద నుంచి చినుకు కూడా లేని గాలి.

అక్కడ కూర్చుని ఆయనకు నేను చెప్పిన ఒక లెక్క ఆయన నమ్మలేదు. మయోర్కా రాజధాని పాల్మాలో ఏడాదికి కురిసే వాన సుమారు 450 మిల్లీమీటర్లే, అంటే అనంతపురం కంటే తక్కువ. "అయితే ఆ చెట్లు ఎట్ల బతుకుతాండాయి?" లెక్క దగ్గరదగ్గరే, కానీ వాన వచ్చే వేళ వేరు. అక్కడ ఎండాకాలం పొడిగా పోయి, వాన శరత్తులోనూ చలికాలంలోనూ పడుతుంది. సూర్యుడు నీరసంగా ఉన్నప్పుడు పడ్డ చుక్క నేలలోకి దిగుతుంది. పైగా కొండల మీద వెయ్యి మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది, ఆ నీరు కిందికి వస్తుంది. ఇక్కడ నెలలపాటు కాలిన నేల మీద, ఈ గాలిలో, రెండు మూడు పెద్ద వానలుగా పడి సగం ఆవిరై, సగం వంకలో పడి పోతుంది. కరువును మిల్లీమీటర్లలో చెప్పడం మనకు అలవాటైంది. ఏ కార్తెలో, ఎన్ని రోజుల ఎడంతో అన్నదే అసలు సంగతని ఈ సీమ రైతుకు ఎప్పుడో తెలుసు. నాలాంటివాడికి రెండు దీవులు పక్కపక్కన పెట్టుకుని చూస్తే గానీ తెలియలేదు.

ధర్మవరం మీదుగా నిమ్మలకుంట వెళ్లాను. తోలుబొమ్మల ఊరు. మేకతోలును పలచగా గీసి, ఎండబెట్టి, ఉలితో చుక్కలు చుక్కలుగా చిల్లులు కొట్టి రంగు వేస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగలవుతాయి. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా రామాయణం ఆడిన బొమ్మలు ఇప్పుడు ఎక్కువగా దీపపు తొడుగులై, గోడ పటాలై నగరాలకు పోతున్నాయి. ఒక ఇంట్లో హనుమంతుడు ల్యాంపు తొడుగు మీద సంజీవి కొండ మోస్తూ గుండ్రంగా వంగి ఉన్నాడు. ఇది పతనమని బాధపడేవాళ్లున్నారు, నేను వాళ్లలో లేను. తొడుగు అమ్ముడుపోబట్టే ఉలి పట్టే చేయి ఆ ఊళ్లో మిగిలింది. మయోర్కాలో మట్టితో చేసి, తెల్లరంగు పూసి, ఎరుపూ ఆకుపచ్చా గీతలు గీసే సియురెయ్ అనే ఈలబొమ్మలు కూడా ఇలాగే బతికాయి, కొనుక్కెళ్లే యాత్రికుల సంచుల్లో.

కానీ బొమ్మ కార్డు మీద "సంప్రదాయ జీవితం" అని అచ్చువేసేసరికి అందులో సగం వెళ్లిపోయి ఉంటుందన్నది మరిచిపోకూడదు. రామగిరి గుట్టల కింద నిలబడినప్పుడు ఈ మాట గట్టిగా తోచింది. అక్కడ తొంభైలలో నిలిపిన గాలిమరలు ఆషాఢపు గాలికి తిరుగుతున్నాయి. మొదట్లో ఈ ఫ్యాన్లే మబ్బుల్ని తరిమేస్తున్నాయని చుట్టుపక్కల రైతులు నమ్మేవారు. ఇప్పటికీ కొందరు సగం నవ్వుతూ ఆ మాటంటారు. కార్డుల మీద ఉండే మయోర్కా గాలిమరల్లో చాలావాటి పని నీళ్లు తోడడం. పాల్మా పక్కన సాంత్ జోర్ది మైదానం ఒకప్పుడు చిత్తడి నేల. పంతొమ్మిదో శతాబ్దం నడిమిన ఒక డచ్చి ఇంజినీరు అక్కడ మొదటి తోడుమర నిలిపాడు. తర్వాత వందలు లేచి ఆ మైదానమంతా కూరగాయల తోటైంది. ఇరవయ్యో శతాబ్దంలో మోటార్లు వచ్చాయి. గాలి ఆగినప్పుడు మర ఆగేది, మోటారు ఆగదు. తోడీ తోడీ భూగర్భంలో తీపినీరు తగ్గి, ఆ ఖాళీలోకి సముద్రపు ఉప్పునీరు దూరింది. రెక్కలు విరిగిన మరలు మాత్రం కార్డుల మీద అందంగా నిలబడ్డాయి.

ఇక్కడి కథకు ఉప్పు తప్ప తక్కినవన్నీ ఉన్నాయి. ఎద్దులు వెనక్కీ ముందుకీ నడిచి తోలుసంచితో నీరు తోడిన కపిల బావి, తర్వాత ఆయిలింజను, తర్వాత కరెంటు మోటారు, తర్వాత వెయ్యి అడుగుల బోరు. కపిల తోలేటప్పుడు పాటలు పాడేవాళ్లమని రామగిరి టీకొట్టు దగ్గర ఒక ముసలాయన చెప్పాడు. పాడమంటే సిగ్గుపడి, "ఎద్దుల్లేకుంటే పాట రాదు" అన్నాడు.

కళ్యాణదుర్గం వైపు తోటలు మొదలయ్యాయి. చీనీ, దానిమ్మ, అక్కడక్కడా అంజూర. బోరులో నీళ్లున్నంతకాలం చీనీ ఈ సీమకు బంగారం. నీళ్లు పోతే పదేళ్ల చెట్టును నరికి బొగ్గుల బట్టీకి వేయాలి. దారిలో ఒక తోట దగ్గర ఆగితే, కాయలు కోసి రసం తీసిచ్చిన కాపు డబ్బు తీసుకోలేదు. అతనికి నా సంచిలోని సోయెర్ లోయ కార్డు చూపించాను. నారింజ తోటల మధ్యలోంచి పోయే చెక్క ట్రాము ఉన్న బొమ్మ అది. ఆ ట్రాము 1913 నుంచి నడుస్తోంది. అతను వెంటనే, "చెట్టుకూ చెట్టుకూ ఎడం చాల్లేదు. పిండినల్లి పట్టదా?" అన్నాడు. పిండినల్లి సంగతి తెలియదు గానీ, పంతొమ్మిదో శతాబ్దంలో సోయెర్ నారింజకు తెగులు వచ్చి జనం ఫ్రాన్సుకు వలసపోయారు. 1890లలో ఫిలాక్సెరా పురుగు మయోర్కా ద్రాక్షతోటల్ని తినేశాక వేలమంది క్యూబాకూ అర్జెంటీనాకూ ఓడలెక్కారు. నేడు ఏటా కోటిన్నర మందికి పైగా యాత్రికులు దిగే దీవులు అవి. ఓడ ఎక్కుతున్న ఆ కూలీల బొమ్మ నా ఆల్బంలో లేదు. రాత్రి బస్సులో బెంగళూరు పనికి పోయే ఈ ఊరి జనం బొమ్మ కూడా ఏ కార్డు మీదా రాదు. ఆ తోట కాపే చెప్పాడు, తన తమ్ముడు బెంగళూరులో అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అని.

రాయదుర్గం దాటి బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు చేరాక, సముద్రం లేని సముద్రతీరం చూశాను. వేదవతిని ఇక్కడ హగరి అంటారు. ఎండిన ఆ ఏటిలోంచి గాలి ఇసుకను లేపి ఊరి చేల మీద దిబ్బలుగా పోస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా దిబ్బలు నడుస్తాయి. నిరుడు గెనిమ ఉన్న చోట ఈసారి ఇసుక. అడుగు వేస్తే చీలమండ దాకా దిగింది. పైన చిన్నచిన్న అలల గీతలు. మధ్యధరా కార్డు మీద అయితే పక్కన నీలిరంగు వేసి అమ్ముకోవచ్చు. దిబ్బ అవతల ఇద్దరు ఆడవాళ్లు చేలోంచి ఇసుక తట్టలకెత్తి గట్టు మీద పోస్తున్నారు. రేపటికి మళ్లీ వస్తుంది కదా అంటే, "వస్తాది. రేపు మళ్లీ ఎత్తుతాం" అని, కూర్చోమని తట్ట బోర్లించి ఇచ్చారు.

ఇక్కడి నుంచి స్పెయిన్‌కు పోయే బొమ్మలేమిటో కూడా ఆలోచించాను. పిల్లలు గీసే బొమ్మల్లో ఇల్లు, సూర్యుడు, మామిడిచెట్టు, పక్కన నిండుగా పారే ఏరు. బత్తలపల్లి దగ్గరి ఆ ఇంటి చిన్నపిల్లను ఏరు ఎక్కడ చూశావని అడిగితే, బొమ్మలో ఏరు ఉండాలి కదా అంది. మయోర్కాలో ఆవిడ తన గోడ మీద ఆ ఏటిని అంటించుకునే ఉంటుంది. ఆవిడ పంపిన గాలిమరా నీళ్లు తోడదు, ఈ పిల్ల పంపిన ఏరూ పారదు. ఇద్దరూ ఎదుటివాళ్లకు మంచి రోజునే పంపారు. అందులో అబద్ధమేమీ లేదు, చుట్టం ఇంటికి వస్తే మనమూ మంచి చాపే పరుస్తాం.

పాల్మాలో నాకు కార్డులు పంపే స్నేహితుడు ఒకడున్నాడు. అతనికి అనంతపురం బొమ్మ కార్డు పంపాలని తిరుగు దారిలో ఒక చిన్న పోస్టాఫీసుకు వెళ్లాను. బొమ్మవి లేవు, అర్ధరూపాయి కార్డు ఉంది. పావు అణా ధరతో 1879లో పుట్టిన కార్డు ఇంకా అర్ధరూపాయి దగ్గరే ఉంది. అదే తీసుకుని, విదేశానికి కావలసినన్ని స్టాంపులు అంటించి, రాతికట్ట చేను రైతు అడిగినవన్నీ ఇంగ్లీషులో రాశాను. గోడ ఎత్తెంత, అడుగున వెడల్పెంత, పునాది ఎంత లోతు తవ్వుతారు, వెనక్కి వాలు పెడతారా. కౌంటర్ దగ్గరి ఆయన ముద్ర వేయబోయి, కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుని మొత్తం చదివాడు. చదివి, పెన్ను నా వైపు జరిపాడు. "ఇంకొంచెం జాగా ఉంది సార్. బాదం చెట్టుకు ఏడాదికి ఎన్ని తడులు పెడతారో కూడా అడగండి. మాకూ మూడెకరాలుంది."